ఆదోని పత్తి, ఎమ్మిగనూరు మగ్గం: సోషలిస్టుల పేచీ

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలుకొచ్చిన రైతు కోరేది ఒక్కటే. టెండరులో క్వింటాలుకు నాలుగు రూపాయలు ఎక్కువ పడాలి. అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చున్న నేతన్న కోరేదీ ఒక్కటే. నూలు నాలుగు రూపాయలు తక్కువకు దొరకాలి. ఇద్దరూ కష్టజీవులే, ఇద్దరూ అప్పుల్లో ఉన్నవాళ్లే. ఒకరి కోరిక తీరితే రెండోవారి మీద భారం పడుతుంది.

ఉన్నవాడు లేనివాణ్ని దోచుకోకూడదని అందరు సోషలిస్టులూ అంటారు. అందులో వాళ్లకు పేచీ లేదు. కానీ ధర అనే తాడుకు రెండు కొసల్లోనూ లేనివాళ్లే ఉన్నప్పుడు ఏం చేయాలి? ఆ ధరను ఎవరు నిర్ణయించాలి? ఇక్కడే సోషలిస్టులు నూటయాభై ఏళ్లుగా తమలో తాము వాదించుకుంటున్నారు. ఆ వాదన లండన్‌లోనో మాస్కోలోనో జరిగిపోయిన విషయమని మనం అనుకుంటాం. దాని పర్యవసానాలు మాత్రం మన పడమటి కర్నూలు జిల్లాలోనే, మన కళ్ల ముందే ఉన్నాయి. ఆదోనిలో ఒక సమాధానం అమలైంది, ఎమ్మిగనూరులో మరొకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని అడగడానికే ఈ ప్రసంగం.

ముందు పత్తి దారి చూద్దాం. క్వింటాలు పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే దూది వచ్చేది దాదాపు మూడో వంతు. మిగతాదంతా గింజే, అది నూనె మిల్లుకు పోతుంది. దూదిని ప్రెస్సింగులో బిగించి 170 కిలోల బేలు కడతారు. బేలు స్పిన్నింగ్ మిల్లుకు పోయి నూలవుతుంది. చేమగ్గానికి కావాల్సింది చిలపనూలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు. దానికి రంగు అద్ది, కండెలు చుట్టి, పడుగు సాగదీసి, మగ్గానికి ఎక్కించాలి. పొలం నుంచి మగ్గం దాకా ఈ దారిలో ఎంతమంది ఉన్నారో చూడండి. కమీషన్ ఏజెంటు, జిన్నింగ్ మిల్లు యజమాని, బేళ్ల వ్యాపారి, స్పిన్నింగ్ మిల్లు, నూలు వ్యాపారి, ఆఖరున నేతన్నకు నూలిచ్చి మజూరీ కట్టే షావుకారు. రైతుకు నేతన్న ముఖం తెలియదు, నేతన్నకు రైతు ముఖం తెలియదు. ఇద్దరి మధ్యా తేడా డబ్బు ఎక్కడ ఆగుతున్నదో ఇద్దరికీ తెలియదు.

మొదటి సమాధానం ఇది: ఈ దారి మొత్తాన్ని ప్రభుత్వమే చేతిలోకి తీసుకోవాలి. 1921లో సోవియట్ రష్యాలో గోస్‌ప్లాన్ పుట్టింది. ఎంత పండించాలి, ఎంత వడకాలి, ఎంతకు అమ్మాలి అన్నీ రాజధానిలో లెక్క వేసి చెప్పే సంస్థ అది. మన దేశం ఆ దారిలో పూర్తిగా నడవలేదు కానీ కొంత దూరం నడిచింది. 1955 జనవరిలో ఆవడిలో జరిగిన కాంగ్రెసు మహాసభ సోషలిస్టు తరహా సమాజాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. మరుసటి సంవత్సరం రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. దాని వెనుక బుర్ర ప్రొఫెసర్ మహలనోబిస్‌ది. ఉక్కు, భారీ యంత్రాలు ప్రభుత్వం చూసుకుంటుంది, జనానికి కావాల్సిన గుడ్డా సామానూ చేతిపనుల వాళ్లు తయారు చేస్తారు, అలాగైతే పెట్టుబడి పెద్దగా పెట్టకుండానే కోట్లమందికి పని దొరుకుతుంది అని ఆయన లెక్క. ఆ లెక్కలో ఎమ్మిగనూరు మగ్గానికీ ఒక చోటు ఉంది. ఢిల్లీ ప్రణాళికలో మగ్గం కనబడిన అరుదైన సందర్భం అది. అందుకే దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు.

ఆదోనిలో మాత్రం ఆ సమాధానం మరో రూపంలో వచ్చింది. 1970లో కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మనవాళ్లు సీసీఐ అంటారు. 1974లో పార్లమెంటు చట్టం చేసి దేశంలో ఖాయిలా పడిన 103 బట్టల మిల్లుల్ని జాతీయం చేసింది. ఆ జాబితాలో ఆదోని కాటన్ మిల్సు ఉంది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో తాడిపత్రి మిల్లు, వరంగల్లు ఆజంజాహీ మిల్లు కూడా ఉన్నాయి. నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్, ఎన్టీసీ అనే సంస్థ వాటన్నిటికీ యజమాని అయింది.

అప్పటికి మూతపడబోతున్న మిల్లును సర్కారు ఆదుకోవడమంటే కార్మిక కుటుంబానికి అదేం చిన్న మాట కాదు. నెల తిరిగేసరికి జీతం, ప్రావిడెంట్ ఫండు, ఈఎస్ఐ ఆసుపత్రి, షిఫ్టుకు కచ్చితమైన గంటలు. కరువు తాలూకాలో పుట్టిన మనిషికి అవి దొరకడం ఎంత పెద్ద మార్పో, వానకు ఆకాశం వైపు చూసే ఇంట్లో పెరిగినవాళ్లకే తెలుస్తుంది. జాతీయీకరణను ఎగతాళి చేసే ఆర్థికవేత్తలు ఈ సంగతిని లెక్కలో వేసుకోరు. వేసుకోవాలి.

అయినా ఆ మిల్లు నిలబడలేదు. ఎందుకని? ఎన్టీసీ ప్రాంతీయ కార్యాలయం బెంగళూరులో, దాని పైది ఢిల్లీలో. ఆదోనిలో ఏ కదురు మార్చాలి, ఏ నంబరు నూలు తీయాలి, ఏ బేలు ఎప్పుడు కొనాలి అనేవి అక్కడ తేలేవి. వాకిట్లో పత్తి మార్కెట్టు ఉన్నా, పత్తి గురించి పుట్టుకతో తెలిసిన మనుషులు లోపల పనిచేస్తున్నా, వాళ్ల మాటకు ఆ నిర్ణయాల్లో చోటు లేదు. నష్టం వస్తే పైనుంచి డబ్బు వచ్చేది. అది జీతాలకు సరిపోయేది, కొత్త యంత్రాలకు సరిపోయేది కాదు. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ 1980లో, తన దేశపు ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో ఇదే జబ్బును వివరించాడు. ఎంత నష్టమొచ్చినా పైవాడు పూడుస్తాడని తెలిసిన సంస్థ తన లెక్క తాను సరిచూసుకోవడం మానేస్తుందని ఆయన తేల్చాడు. చివరికి స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో కార్మికుల్ని ఇళ్లకు పంపారు, మిల్లు మూతపడింది. ప్రజల ఆస్తి అని పేరు పెట్టిన మిల్లు మీద, ఆ ప్రజల్లో ఒకరైన స్పిన్నింగు కార్మికుడికి ఓటు లేదు. నా దృష్టిలో అసలు లోపం అదే.

ఇక రెండో సమాధానం, ఎమ్మిగనూరుది. ఇక్కడ కథ మరో దారి పట్టింది, ఇంకా ముందే మొదలైంది. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించారు. అప్పటికి ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది, ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో. మదరాసు రాజ్యంలో చేనేత సహకార సంఘాల రాష్ట్ర సంస్థ పుట్టి మూడేళ్లే అయింది. నేతన్నకు నూలు అప్పుగా ఇచ్చి, నేసిన గుడ్డ తానే తీసుకుని, మజూరీ తానే నిర్ణయించే షావుకారు స్థానంలోకి సంఘం వచ్చింది. సంఘమే నూలు కొంటుంది, సంఘమే రంగు అద్దిస్తుంది, సంఘమే గుడ్డ అమ్ముతుంది. లాభం మిగిలితే సభ్యులకు బోనసు. సంఘం ఇంగ్లీషు పేరుకు పొట్టిరూపమైన వైడబ్ల్యూసీఎస్ అనే అక్షరాలు దుప్పట్ల మీద, తువ్వాళ్ల మీద ఊరూరా తిరిగాయి. సోమప్ప గారికి కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో కలిసేనాటికి ఈ సంఘం వయసు పదిహేనేళ్లు.

ఈ దారికి మూలపురుషులు కూడా నేతగాళ్లే. 1844లో ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్లో ఇరవై ఎనిమిది మంది పనివాళ్లు, వాళ్లలో చాలామంది నేతపనివాళ్లు, చందాలు వేసుకుని ఒక దుకాణం తెరిచారు. ఎంత వాటా ఉన్నా మనిషికి ఒక్క ఓటే అనే సూత్రం ప్రపంచమంతా పాకింది అక్కడి నుంచే. ఇరవై ఏళ్ల తర్వాత, 1864లో, కార్ల్ మార్క్స్ అంతర్జాతీయ కార్మిక సంఘం ప్రారంభ ప్రకటనలో సహకార ఫ్యాక్టరీలను గట్టిగా మెచ్చుకున్నాడు. యజమాని లేకుండా పెద్ద ఎత్తున ఉత్పత్తి సాగుతుందని కార్మికులు చేసి చూపించారని ఆయన సంతోషం. అయితే అవి దేశమంతా వ్యాపించాలంటే రాజ్యాధికారం కార్మికుల చేతికి రావాలని కూడా అన్నాడు.

మార్క్స్ తర్వాతి తరం అంత సంతోషించలేదు. రోజా లగ్జెంబర్గ్ 1899లో ఒక పదునైన మాట అంది. సహకార సంఘం కూడా బజారులోనే అమ్ముకోవాలి కదా, బజారు ధర పడిపోతే ఏం చేస్తారు, తమ మజూరీ తామే కోసుకుని తమను తామే పిండుకుంటారు అని ఆమె వాదన. ఇంగ్లండులో వెబ్ దంపతులకు మరో అనుమానం. ఉత్పత్తిదారుల సంఘం బాగా నడిస్తే పాత సభ్యులు తలుపు మూసి, కొత్తవాళ్లను కూలికి పెట్టుకుని, చిన్న యజమానులైపోతారని. ఈ రెండు విమర్శలూ ఎమ్మిగనూరులాంటి ఊరికి ఎంత దగ్గరగా తగులుతాయో చూడండి. నూలు ధర కోయంబత్తూరు మిల్లుల్లో తేలుతుంది. దుప్పటి ధర మరమగ్గం దుప్పటితో పోటీలో తేలుతుంది. సంఘం చేతిలో మిగిలేది ఆ రెండింటి నడుమ ఉన్న ఇరుకు సందు. నేతన్న మజూరీ ఆ సందులోనే ఇమడాలి.

ఆ సందు కాస్త వెడల్పు చేయడానికి ప్రభుత్వం కొంత చేసింది. 1953లో మిల్లు గుడ్డ మీద గజానికి కాలణా చొప్పున పన్ను వేసి ఆ డబ్బును ఖాదీకి, చేనేతకు మళ్లించారు. స్పిన్నింగ్ మిల్లులు తమ నూలులో ఒక వంతు చిలపలుగానే కట్టాలని నియమం పెట్టారు. మొదట యాభై శాతం ఉన్న ఆ వంతు తర్వాత నలభైకి, 2019 నుంచి ముప్పైకి తగ్గింది. 1985 చట్టం 22 రకాల బట్టల్ని చేమగ్గానికే కేటాయించింది. మిల్లులు, మరమగ్గాల యజమానులు కోర్టుకు పోయారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ తర్వాత జాబితానే 11 రకాలకు కుదించారు. కోర్టులో గెలిచింది జాబితాలో ఓడింది. కేటాయించిన రకాలను మరమగ్గం మీద నేసి చేనేతగా అమ్మడాన్ని ఎవరూ గట్టిగా ఆపలేదన్నది ప్రతి నేత ఊరికీ తెలిసిన సంగతే.

ప్రభుత్వం మేలుతో పాటు మరొకటి కూడా చేసింది. 1954లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే సహకార సంఘాల్లో ప్రభుత్వం కూడా వాటాదారు కావాలని సిఫారసు చేసింది. ఉద్దేశం మంచిదే, పేదల సంఘానికి మూలధనం కావాలి. కానీ వాటాతో పాటు అధికారి కూడా వచ్చాడు. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం రిజిస్ట్రారుకు విస్తారమైన అధికారాలిచ్చింది. పాలకవర్గాన్ని తొలగించడం, ఎన్నికలు వాయిదా వేయడం, పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టడం రాష్ట్రమంతా మామూలైపోయాయి. 1976లో రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో ఏర్పడ్డాక సంఘాల గుడ్డ కొనే పెద్ద కొనుగోలుదారు అదే అయింది. దాని బకాయిలు ఆలస్యమైతే నేతన్న ఇంట్లో పొయ్యి ఆలస్యమయ్యేది. అదే ఏడు జనతా వస్త్రాల పథకం వచ్చింది. పేదలకు చౌక గుడ్డ, నేతన్నలకు ఏడాది పొడుగునా పని. చూడ్డానికి ఒకే దెబ్బకు రెండు పిట్టలు. కానీ ముతక గుడ్డ నేసి నేసి చాలా సంఘాలు బజారులో తమ పేరు పోగొట్టుకున్నాయి. తొంభైల్లో పథకం ఆపేసేసరికి అమ్ముకునే సత్తువ వాటిలో మిగల్లేదు.

ఈ ఎమ్మిగనూరు సంఘానికి కూడా ఒకప్పటి వెలుగు ఇప్పుడు లేదు. అయితే దాని క్షీణతను చూపించి సహకారమే విఫలమైందనే మాటను నేను ఒప్పుకోను. దశాబ్దాల తరబడి ఒక ఊరి నేతకు ఆసరాగా నిలిచిన సంస్థ అది. మిల్లును బెంగళూరు నుంచి నడిపినట్టే, రాష్ట్రంలో సంఘాలను రిజిస్ట్రారు కార్యాలయం నుంచి నడపడం మొదలైంది. ఆదోనిలో పోయిందీ, ఇక్కడ పోయిందీ ఒకటే. నిర్ణయం పనిచేసేవాళ్ల చేతి నుంచి జారిపోయింది.

మూడో సమాధానం చెప్పినవాడు రామ్ మనోహర్ లోహియా. 1952లో పచ్‌మఢీలో సోషలిస్టు పార్టీ సమావేశంలో ఆయన పెట్టుబడిదారీ విధానానికీ కమ్యూనిజానికీ సమాన దూరంలో నిలబడాలన్నాడు. రెండూ పెద్ద యంత్రాన్నే పూజిస్తాయి, జనం ఎక్కువా మూలధనం తక్కువా ఉన్న దేశానికి అది నప్పదు, మనకు కావాల్సింది కరెంటుతో నడిచే చిన్న యంత్రం, ఊళ్లోనే, ఊరివాళ్ల చేతుల్లోనే ఉండాలి అన్నాడు. గాంధీజీ రాట్నం నుంచి, గాంధేయవాది కుమారప్ప గ్రామ ఆర్థికం నుంచి ఆయన వేరుపడేది కరెంటు దగ్గర. మగ్గానికి మోటారు బిగించడం పాపమని లోహియా అనుకోలేదు.

అప్పటి ఢిల్లీ కమిటీల్లోనూ ఇదే వాదన నడిచింది. 1954లో కానూంగో కమిటీ చేమగ్గాల్ని క్రమంగా మరమగ్గాలుగా మార్చాలంది. 1955లో కార్వే కమిటీ, తొందరపడితే లక్షలమంది రోడ్డున పడతారు, ఉన్న పనిని కాపాడుతూ మెల్లగా మారాలంది. చివరికి జరిగింది ఆ రెండు కమిటీలూ కోరింది కాదు. మరమగ్గాలు వచ్చాయి, కానీ నేతన్నల సంఘాల చేతికి రాలేదు. పెట్టుబడి ఉన్నవాడి షెడ్లలోకి వచ్చాయి. చేమగ్గం వదిలిన నేతన్న అక్కడ షిఫ్టు కూలీ అయ్యాడు. లోహియా శిష్యుడైన జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉండగా, 1977 చివర్లో ప్రకటించిన పారిశ్రామిక విధానం చిన్న పరిశ్రమలకు కేటాయించిన వస్తువుల జాబితాను 180 నుంచి ఐదువందలు దాటించింది. వస్తువును కేటాయించడం సులువు. యంత్రం ఎవరి పేరున ఉండాలో తేల్చడం కష్టం. ఆ కష్టమైన పని ఎవరూ చేయలేదు.

లోహియా చెప్పినవాటిలో మన రైతుకూ నేతన్నకూ నేరుగా తగిలేది ధరల మాట. ఫ్యాక్టరీ సరుకు ధర తయారీ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు, పంటకీ పంటకీ మధ్య ధాన్యం ధర ఒక హద్దు మించి ఊగకూడదు అన్నాడు. ఎంత ఖర్చయిందో లెక్క బయట పెట్టమని మిల్లును నిలదీసే హక్కు అందులో ఉంది. నాకు నచ్చింది అదే.

ధరల గురించే మరో సోషలిస్టు, పోలండుకు చెందిన ఆస్కార్ లాంగే, 1936లో ఒక ఉపాయం చెప్పాడు. ఫ్యాక్టరీలు ప్రజలవే అయినా బజారును చంపక్కర్లేదు, ప్రణాళిక సంస్థ ఒక ధర ప్రకటించి సరుకు మిగిలితే తగ్గించాలి, కొరత వస్తే పెంచాలి అన్నాడు. ఆయన యాభైల్లో మన దేశానికి వచ్చి ప్రణాళికకు సలహాదారుగా పనిచేశాడు కూడా. ప్రభుత్వం ధర కడితే ఏమవుతుందో మహారాష్ట్ర చూసింది. 1972లో అక్కడ రైతు పత్తిని ప్రభుత్వ పథకానికే అమ్మాలన్నారు. బయట ధర తక్కువైన ఏడు రైతుకు మేలు, ప్రభుత్వానికి నష్టం. బయట ధర ఎక్కువైన ఏడు పత్తి రాత్రికి రాత్రి పక్క రాష్ట్రాలకు దాటేది. మూడు దశాబ్దాల తర్వాత ఆ గుత్తాధిపత్యాన్ని ఎత్తేశారు.

మనకు మిగిలింది మద్దతు ధర. 2025–26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ ఎనిమిది శాతం ఉంటే పూర్తి ధర, పన్నెండు దాటితే సీసీఐ కొనదు. వానలో తడిసిన పత్తికి ఆ మీటరే న్యాయమూర్తి. అదే 2025 ఆగస్టులో దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్రం తాత్కాలికంగా ఎత్తేసింది. స్పిన్నింగ్ మిల్లులు సంతోషించాయి, రైతు సంఘాలు మండిపడ్డాయి. నూలు చౌకైతే చేనేతకు మేలే కదా అని కొందరన్నారు. ఆ మేలు చిలప దాకా, అక్కడి నుంచి మజూరీ దాకా దిగివస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు? పత్తి ధర పడినప్పుడు రైతు నష్టపోవడం ఖాయం, నేతన్న బాగుపడటం మాత్రం అనుమానం. ఇద్దరికీ తగువు ఉందని చెప్పి మధ్యలో ఉన్నవాళ్లు పని కానిచ్చుకుంటున్నారు.

కాబట్టి నా వాదన ఇది. పొలం నుంచి మగ్గం దాకా ఉన్న దారి మధ్యలో, జిన్నింగులోనూ స్పిన్నింగులోనూ, రైతుల సంఘానికీ నేతన్నల సంఘానికీ ఉమ్మడి యాజమాన్యం ఉండాలి. ఇది కొత్త కల కాదు. మన రైలు దారిలోనే గుంతకల్లులో సహకార స్పిన్నింగ్ మిల్లు నడిచింది. తర్వాత అదీ మూతపడింది. కానీ ఆ ఆలోచన సరైనది. ఒకే బల్ల దగ్గర పత్తి అమ్మేవాడూ నూలు కొనేవాడూ కూర్చుని, మిల్లు ఖర్చు ఎంతో ఇద్దరూ చూసి ధర తేల్చుకుంటే ఆ నాలుగు రూపాయల తగువు దాచిపెట్టిన తగువు కాదు, లెక్క తెలిసిన తగువు అవుతుంది. ఇక ప్రభుత్వం పని మిల్లును నడపడం కాదు. దిగుమతి సుంకం, చిలపనూలు నియమం, మద్దతు ధర, తక్కువ వడ్డీ అప్పు, కేటాయించిన రకాలపై తనిఖీ, ఇవి దాని పని. రోజా లగ్జెంబర్గ్ భయానికి జవాబు ఈ కంచెలే. ఇవి లేకుండా సంఘాన్ని బజారులోకి తోసి, ఓడిపోయింది చూడండి అనడం అన్యాయం. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా తీసుకోకుండా, ఎన్నికలు తామే జరుపుకుంటూ సభ్యులే నడుపుకునే వీలు ఇచ్చిన చట్టం అది. చేనేత సంఘాలు ఈ దారిని ఇంకా గట్టిగా వాడుకోవాలి.

వెబ్ దంపతుల అనుమానానికి మాత్రం మనం ఇంకా జవాబు చెప్పలేదు. చాలా చేనేత సంఘాల్లో సభ్యత్వం మగ్గం ఎవరి పేరున ఉంటే వారిదే, సాధారణంగా ఇంటి మగవాడిది. కండెలు చుట్టేది, ఆసు పోసేది, అంచుల పోగులు సరిచేసేది ఇంటి ఆడవాళ్లు. వాళ్ల మజూరీ మగ్గం మజూరీలో కలిసిపోతుంది, వాళ్ల ఓటు ఎక్కడా లేదు. ఇటు పత్తి వైపు చూడండి. వేళ్లు గీసుకుంటూ పత్తి తీసేది ఆడకూలీలే. కోసిగి నుంచి, మంత్రాలయం నుంచి, ఆదోని పల్లెల నుంచి ఏటా గుంటూరు వైపు సుగ్గికి పోతారు, మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి, పిల్లల్ని వెంటబెట్టుకుని. మార్కెట్ యార్డులో బోరాలు మోసే హమాలీకి సంఘం ఉంది, ఆ బోరాలోని పత్తి తీసిన ఆమెకు లేదు. రైతుల సంఘమూ నేతన్నల సంఘమూ కలిసి రేపు ఒక మిల్లు పెట్టినా, వీళ్లు బయటే ఉండిపోతే అది ఇద్దరు చిన్న యజమానుల ఒప్పందం అవుతుంది తప్ప సోషలిజం కాదు.

కండెలు చుట్టే ఆమెకు సొంత పేరున సభ్యత్వం, ఆమె పనికి వేరే పద్దు, పాలకవర్గంలో చోటు. వీటికి ప్రణాళికా సంఘమూ అక్కర్లేదు, పార్లమెంటు చట్టమూ అక్కర్లేదు. సంఘం సర్వసభ్య సమావేశంలో బైలా మార్చడానికి ఒక సభ్యుడు లేచి తీర్మానం పెడితే పని మొదలవుతుంది. ఈ సంవత్సరం జరిగే సమావేశాల్లో ఆ తీర్మానం పెట్టండని చేనేత సంఘాల సభ్యులందరినీ కోరుతున్నాను.